గెడ్డ ఒడ్డుకు అద్దె ఎవరు కడతారు?

(పాడేరు ఏజెన్సీలో గ్రామసభ సభ్యులు, అటవీ హక్కుల కమిటీల వాళ్ల కోసం పెట్టిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట తీరు పెద్దగా మార్చకుండా ఇక్కడ పెడుతున్నాం.)



నాకు ఇచ్చిన అంశం గెడ్డ ఒడ్డుల రక్షణ, దానికోసం రైతుకు అందాల్సిన నిధులు. ఈ మధ్య ఏ ఆఫీసు మీటింగుకి వెళ్లినా ఒక మాట వినిపిస్తోంది. గెడ్డలు ఎండిపోతున్నాయి, ఒడ్డులు కోసుకుపోతున్నాయి, నీటి అంచు దాకా దున్నకండి, చెట్లు పెంచండి అని. మాటలో తప్పేం లేదు. మనకి తెలియని సంగతీ కాదు. కానీ చెప్పేవాళ్లు అక్కడితో ఆపేస్తారు. ఒడ్డు వదిలేసిన ఇల్లు ఆ ఏడాది ఏం తినాలి, పిల్లల ఖర్చుకి ఏ పంట అమ్మాలి, ఆ మాట ఎవరూ ఎత్తరు. నేను ఈ రోజు ఆ రెండో మాటే మాట్లాడతాను.

ముందు ఒక లెక్క వేసుకుందాం. మీ పొలం గెడ్డని ఆనుకుని వంద మీటర్ల పొడవు ఉందనుకోండి. పది మీటర్ల వెడల్పు వదలమన్నారనుకోండి. అది వెయ్యి చదరపు మీటర్లు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అంటే మీరు వదిలేది దగ్గర దగ్గర 25 సెంట్లు, పావు ఎకరం. గెడ్డకి రెండు వైపులా మీ భూమే ఉంటే అర ఎకరం. రెండెకరాల పట్టా ఉన్న ఇంటికి పావు ఎకరం అంటే ఎనిమిదో వంతు.

అది ఏ ఎనిమిదో వంతు? గరువు మీద రాళ్ల మధ్య సామలు, చోళ్లు పండే ముక్క కాదు. గెడ్డ పక్కనుండే పల్లం. ఎండాకాలంలో కూడా తేమ ఉండే నేల. వరి అక్కడే, చలికాలంలో రాజ్‌మా అక్కడే, చిక్కుడు, వంగ, ఆకుకూరలు అక్కడే. సంతకి బుట్టలో వెళ్లి చేతికి డబ్బు తెచ్చేది ఆ ముక్కే. చాలా ఇళ్లల్లో ఆ డబ్బు ఆడవాళ్ల చేతికి వచ్చే డబ్బు. "కాస్త ఒడ్డు వదిలేస్తే ఏం పోతుంది" అని జీపు దిగి చెప్పేవాళ్లకి ఈ లెక్క తెలియదు. లేదా తెలిసీ మాట్లాడరు.

అలాగని ఒడ్డు ఎలా పోయినా ఫర్వాలేదని నేను అనడం లేదు. ఒడ్డు మీద వేరు లేకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద వాన పడ్డ ప్రతిసారీ గట్టు విరిగి మడిలోని మట్టి గెడ్డలో పడుతుంది. గెడ్డ వెడల్పై లోతు తగ్గుతుంది. కింద కట్టిన చెక్‌డ్యాం రెండు మూడు వానాకాలాల్లో ఇసుకతో నిండిపోతుంది. నీడ పోతే నీళ్లు వేడెక్కుతాయి, చేపలు, పీతలు తగ్గుతాయి. పొలంలో కొట్టిన గడ్డి మందు ఆపేది ఏమీ లేక నేరుగా నీళ్లల్లో కలుస్తుంది. ఆ నీళ్లే కింద ఊరి వాళ్లు తాగుతారు. ఒడ్డు నిలవాలి. ప్రశ్న అది కాదు. నిలబెట్టే ఖర్చు ఎవరిది, నిలబెట్టాక ఆ భూమి ఎవరిది? అసలు ప్రశ్నలు ఈ రెండే.

మన దగ్గర ఇప్పటిదాకా జరిగింది రెండు రకాలు. మొదటిది, జరిమానా పద్ధతి. ఒడ్డు భూమిని రికార్డుల్లో గెడ్డ పోరంబోకు అని రాస్తారు, లేదా రిజర్వు ఫారెస్టు అంటారు. తాతల నాటి నుంచి దున్నుతున్న మనిషిని ఆక్రమణదారు అంటారు. ఒకరోజు వచ్చి కందకం తవ్వుతారు, నీలగిరో టేకో నాటుతారు, బోర్డు పెడతారు. ఒడ్డు రక్షణ పేరు మీద భూమి చేయి మారుతుంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పోడు భూముల మీద మొక్కల కోసం ఎన్ని గొడవలయ్యాయో, ఎంతమంది మీద కేసులు పడ్డాయో అందరికీ తెలుసు.

రెండోది, కూలి పద్ధతి. ఉపాధి హామీ కింద గుంతలు తవ్వారు, మొక్కలు పెట్టారు, మస్టరు పడింది, కూలి వచ్చింది. అది మంచిదే, మన హక్కే. కానీ కూలి అనేది గుంత తవ్విన రోజుకి ఇచ్చేది. ఆ గుంత ఉన్న చోట ఇక పంట రాదు కదా? వచ్చే ఏడాది, ఆ పై ఏడాది, పదేళ్లు పంట రాదు. ఆ నష్టానికి కూలి లెక్కలో చోటు లేదు. అందుకే మొక్క నాటిన రెండో ఏడాదికి అక్కడ మళ్లీ నాగలి కనిపిస్తుంది. రైతు బాధ్యత లేనివాడని రిపోర్టు రాసేస్తారు. రైతు లెక్క తెలిసినవాడు, అంతే.

మూడో పద్ధతి ఒకటుంది. అది అద్దె పద్ధతి. దీన్ని మనం గట్టిగా తెలుసుకోవాలి, ఎందుకంటే రేపు మనం అడగాల్సింది ఇదే.

అమెరికాలో 1985లో వచ్చిన వ్యవసాయ చట్టంతో కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం అని ఒకటి మొదలైంది. కొట్టుకుపోయే నేలని రైతు సాగు నుంచి తప్పించి గడ్డి, చెట్లు పెంచితే ప్రభుత్వం ఏటా అద్దె కడుతుంది. తర్వాత 1990ల చివర్లో రాష్ట్రాలతో కలిసి ఏరుల ఒడ్డుల మీద ప్రత్యేకంగా ఇదే పని మొదలుపెట్టారు. పద్ధతి ఇదీ: పదేళ్లకో పదిహేనేళ్లకో ఒప్పందం రాసుకుంటారు. ఒడ్డు మీద ఇంత వెడల్పు దున్నను అని రైతు సంతకం పెడతాడు. ప్రతి ఏడాదీ ఆ నేలకి అద్దె వస్తుంది. మొక్కల ఖర్చు, కంచె ఖర్చు, పశువులు గెడ్డలోకి దిగకుండా బయట తొట్టి కట్టుకునే ఖర్చు, వీటిలో పెద్ద వాటా ప్రభుత్వమే భరిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, భూమి పేరు మారదు. గడువు అయ్యాక ఒప్పందం మళ్లీ రాసుకోవాలా వద్దా అనేది రైతు ఇష్టం.

ఇందులో న్యూయార్క్ నగరం కథ మనకి దగ్గరగా ఉంటుంది. ఆ నగరం తాగే నీళ్లల్లో దాదాపు తొంభై శాతం కాట్‌స్కిల్, డెలావేర్ కొండ ప్రాంతాల నుంచి వస్తాయి. ఒకప్పుడు ఆ జలాశయాలు కట్టడానికి కొండ ఊళ్లనే ముంచారు. 1990లో నగరం కొత్త నిబంధనలు తయారుచేసి, ఏరుల పక్కన ఇది చేయకూడదు, అది చేయకూడదు అంది. కొండ రైతులు తిరగబడ్డారు. అటు చూస్తే, నీళ్లు శుద్ధి చేసే పెద్ద ప్లాంటు కట్టాలంటే 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. చివరికి నగరం దిగొచ్చి మాట్లాడింది. 1993లో రైతులు ముందుండి నడిపే ఒక మండలి ఏర్పడింది. 1997లో నగరం, రాష్ట్రం, కొండ ఊళ్లు కలిసి పెద్ద ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒడ్డు వదిలిన రైతుకి అద్దె కేంద్రం ఇస్తే, పనుల ఖర్చులో వాటా నగరం పెట్టుకుంది. అక్కడ రైతుల మీద జాలి పడి ఎవరూ డబ్బు ఇవ్వలేదు. ప్లాంటు కట్టడం కంటే పైనున్న రైతుకి డబ్బు కట్టడం చవక అని నగరానికి లెక్క తేలింది.

ఇప్పుడు ఇటు చూడండి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల మీదుగా దిగి తాటిపూడి జలాశయంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి విశాఖపట్నానికి తాగునీరు. శారదా నది మీద రైవాడ జలాశయం, అక్కడి నుంచి కూడా విశాఖకే. అటు పడమర వైపు మన గెడ్డలు మాచ్‌ఖండ్‌లోకి, సీలేరులోకి పోతాయి. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు, సీలేరు మీద కూడా వరసగా పవర్‌హౌసులున్నాయి. ఒడ్డు కోసుకుపోయిన ప్రతి బండెడు మట్టీ చివరికి ఏదో ఒక జలాశయంలో చేరుతుంది. అంటే మన పైన గట్టు నిలబడితే కింద నగరం కుళాయికి లాభం, పవర్‌హౌసుకి లాభం. లాభం వాళ్లకి, పావు ఎకరం నష్టం మనకి. ఈ లెక్క సరిచేయమని అడగడమే ఈ రోజు విషయం.

"ఇది అమెరికాలో అవుతుంది, మన దేశంలో అవదు" అంటారు. అయింది. హిమాచల్ ప్రదేశ్‌లో పాలంపూర్ అనే చిన్న పట్టణం ఉంది. దాని తాగునీళ్లల్లో కొంత పైనున్న బోహల్ ఊట నుంచి వస్తుంది. 2010లో ఆ మున్సిపాలిటీ, పై ఊళ్ల సంఘం కాగితం రాసుకున్నాయి. ఊట పైనున్న అడవిని ఊళ్లు కాపాడాలి, మున్సిపాలిటీ ఏటా పదివేల రూపాయలు ఇవ్వాలి, ఇరవై ఏళ్ల ఒప్పందం. పదివేలు చాలా తక్కువ, ఒప్పుకుంటాను. కానీ ఒక మున్సిపాలిటీ పైనున్న ఊరికి బాకీ ఉంది అని కాగితం మీద ఒప్పుకుంది చూశారా, అది పెద్ద విషయం. పాలంపూర్ కట్టగలిగింది విశాఖ కట్టలేదా?

ఇంకో మాట. రైతు ఖాతాలో డబ్బు వేయడం మన ప్రభుత్వాలకి కొత్త కాదు. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైనప్పుడు పంటకి ఎకరానికి 4,000, తర్వాత 5,000 ఇచ్చారు. ఆంధ్రలో 2019 అక్టోబరులో రైతు భరోసా మొదలైనప్పుడు, కేంద్రం ఇచ్చే 6,000 కలిపి ఏడాదికి 13,500 ఇచ్చారు. ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉన్నవాళ్లకి కూడా ఇచ్చారు. అంటే దారి ఉంది, ఖాతా ఉంది, ఆధార్ ఉంది. అయితే ఆ రేట్లతో ఒడ్డు అద్దె కట్టేస్తే ఒప్పుకోకండి. ఎకరానికి ఏడాదికి పదివేలు అంటే పావు ఎకరానికి 2,500. చలికాలం కూరగాయలకి అది సాటి వస్తుందా? ఆ ముక్కలో నిజంగా పండేదాన్ని బట్టే అద్దె ఉండాలి.

ఇక్కడిదాకా విన్నాక ఎవరికైనా అనిపించొచ్చు, డబ్బు వస్తే చాలు, అంతా అయిపోతుందని. అవదు. దానికి అమెరికాలోనే, అక్కడి ఆదివాసుల నుంచే నేర్చుకోవాల్సింది ఉంది.

పసిఫిక్ సముద్రం పక్కన వాషింగ్టన్ రాష్ట్రం. అక్కడి ఆదివాసీ తెగలకి సాల్మన్ చేప అంటే తిండి, పండగ, బతుకు. 1854, 1855లో ఒప్పందాలు రాసి వాళ్ల భూమి దాదాపు అంతా తీసుకున్నారు. పాత రేవుల్లో చేపలు పట్టే హక్కు మాత్రం మీకే ఉంటుందని రాశారు. తర్వాత ఆ హక్కునీ నొక్కేశారు. చేప పట్టినందుకే అరెస్టులు. నిస్క్వాలీ తెగకి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ని 1945లో పద్నాలుగేళ్ల వయసులో మొదటిసారి అరెస్టు చేశారు, ఆ తర్వాత యాభై సార్లకి పైగా. వాళ్లు వదల్లేదు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి బోల్ట్ తీర్పు ఇచ్చాడు: పట్టదగ్గ చేపల్లో సగం దాకా ఆ తెగల హక్కు అని.

సగం చేప మీదే అని కోర్టు చెప్పింది. కానీ ఏట్లో చేపే లేకపోతే సగం ఎంత? సాల్మన్‌కి చల్లని నీళ్లు కావాలి, ఒడ్డు మీద నీడ కావాలి. ఏరు పక్కన పొలాలు నీటి అంచు దాకా వచ్చేశాయి. ప్రభుత్వం ఒడ్డు వదిలిన రైతుకి డబ్బు ఇస్తానంది, ఇష్టమైనవాళ్లే చేరొచ్చంది. కొందరు చేరారు, చాలామంది చేరలేదు. కొన్నిచోట్ల వెడల్పు చాలలేదు. 2011లో ఆ తెగలన్నీ కలిసి తమ ఒప్పంద హక్కులు ప్రమాదంలో ఉన్నాయని కేంద్ర ప్రభుత్వానికి గట్టిగా రాశాయి. ఒడ్డుని బాగుచేస్తున్న దానికంటే పాడవుతున్నది ఎక్కువ, మీరు ఇచ్చే డబ్బుకి చేప బతికేంత ప్రమాణం పెట్టండి అని అడిగాయి. 2022లో ఒక బిల్లు వచ్చింది. దానికి స్వినోమిష్ తెగ నాయకురాలు, అంతకుముందు ఏడాదే చనిపోయిన లొరైన్ లూమిస్ పేరు పెట్టారు. ఒడ్డున చెట్ల పట్టీ తప్పనిసరి, దానికి రైతుకి సాయం, చేయకపోతే జరిమానా అన్నది బిల్లు. రైతు సంఘాలు వ్యతిరేకించాయి. బిల్లు పాసవలేదు. మళ్లీ ఇష్టమున్నవాళ్లకి నిధులు అనే దారికే వెళ్లారు.

ఈ కథలో మనం రెండు వైపులా ఉన్నాం, గమనించారా? అక్కడి ఆదివాసులు ఏరు దిగువన ఉన్నారు, డబ్బు వెళ్తున్నది పై రైతుకి. మనం ఏజెన్సీలో పైన ఉన్నాం, డబ్బు అడిగేది మనమే. కానీ మనలో కూడా కింద ఊళ్లున్నాయి, పై ఊరి గడ్డి మందు తాగే ఊళ్లు. అందుకే రెండు పాఠాలు. ఒకటి, డబ్బు ఎవరికి వెళ్తుందంటే కాగితం ఎవరి పేరున ఉందో వాళ్లకే. కాట్‌స్కిల్ కొండలు కూడా ఒకప్పుడు ఆదివాసులవే, అద్దె ఇప్పుడు అందుకునేది పట్టా ఉన్న రైతు. రెండు, ఒడ్డు ఎంత వెడల్పు ఉండాలో, ఏది సరిపోతుందో నీళ్ల మీద బతికేవాళ్లందరూ కలిసి తేల్చాలి. ఆ చోటు మనకి చట్టంలో ఉంది. అది గ్రామసభ.

కాగితం సంగతి ముందు చూద్దాం. పట్టా లేని మనిషికి అద్దె రాదు. ఒడ్డు మీద సాగు చేసేవాళ్లల్లో ఎంతమందికి ఆ ముక్క పట్టాలో చేరింది? ఆర్‌ఓఎఫ్‌ఆర్ సర్వేలో గెడ్డ పక్కనున్న బిట్టుని వదిలేసి పైనున్న గరువు మాత్రం కొలిచిన చోట్లు లేవా? అది అటవీ భూమైతే, 2005 డిసెంబరు 13 నాటికి మన సాగులో ఉంటే, నాలుగు హెక్టార్లకి మించకపోతే ఆ ముక్క మీద హక్కు అడగొచ్చు. భార్యాభర్తలిద్దరి పేరున పట్టా ఇవ్వాలని చట్టమే చెప్పింది. అది రెవెన్యూ పోరంబోకు అయితే దారి వేరు, తహసీల్దారు దగ్గర తేల్చుకోవాలి. ఏదైనా సరే, ఒడ్డు పథకం రాకముందే ఒడ్డు కాగితం రావాలి. పథకం ముందొచ్చి కాగితం తర్వాత అంటే, రక్షిత ప్రాంతం అని బోర్డు పెట్టి కాగితం ఇక ఇవ్వరు.

గ్రామసభ సంగతి. అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ చదవండి. పరీవాహక ప్రాంతాలని, నీటి వనరులని కాపాడే అధికారం హక్కుదారులకి, గ్రామసభకి ఉందని రాసి ఉంది. కాపాడేవాళ్లం మనమని పార్లమెంటు ఒప్పుకుంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి ఇవ్వాలంది, మన వనరులని మన పద్ధతిలో కాపాడుకునే అధికారం గ్రామసభకి ఉందంది. ఇక 2012లో సవరించిన అటవీ హక్కుల నిబంధనల్లో 16వ నిబంధన ఉంది. హక్కు పొందినవాళ్లకి భూమి అభివృద్ధి, జీవనోపాధి పథకాలన్నీ ప్రభుత్వ శాఖలు అందించాలని దాని సారం. అధికారం ఐదో సెక్షన్‌లో ఉంది, సాయం 16వ నిబంధనలో ఉంది. ఈ రెండూ కలిపి అర్జీలో రాయాలి.

డబ్బు ఎక్కడుంది అంటారా? అడవి నరికి గనులకి, ప్రాజెక్టులకి భూమి ఇచ్చినప్పుడల్లా ఆ కంపెనీల దగ్గర వసూలు చేసిన సొమ్ము కాంపా నిధి. 2016లో దానికి చట్టం వచ్చింది, అందులో తొంభై శాతం రాష్ట్రాలకి వెళ్లాలి. 2019 ఆగస్టులో కేంద్రం ఒక్కసారే రాష్ట్రాలకి 47,436 కోట్లు బదిలీ చేసింది. మన అడవి పోయినందుకు వచ్చిన డబ్బు అది. దానితో మన పోడు మీదే మొక్కలు నాటి మనల్నే తోలేయడానికి చూశారు. ఆ చట్టంలో గ్రామసభ సమ్మతి అనే మాట పెట్టమని దేశమంతా ఆదివాసీ సంఘాలు అడిగితే పెట్టలేదు. అదే సొమ్ములోంచి ఒడ్డు కాపాడే ఆదివాసీ రైతుకి అద్దె ఎందుకు ఇవ్వకూడదు? ఇంకా నగర నీటి పన్నులో వాటా ఉంది, పవర్‌హౌసుల ఆదాయంలో వాటా ఉంది, గిరిజన ఉప ప్రణాళిక నిధులున్నాయి. నిధి లేకపోవడం కాదు సమస్య. ఇవ్వాలన్న మనసు లేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. డబ్బు ఉంది అని తెలిస్తే మనకంటే ముందు వేరేవాళ్లు వస్తారు. 2023లో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నిబంధనలు తెచ్చింది. చెట్లు పెంచామని కంపెనీలు క్రెడిట్లు సంపాదించుకోవచ్చు. కార్బన్ ఒప్పందాలంటూ కూడా మనుషులు తిరుగుతున్నారు. ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర అడుగుతారు, మొక్కలు ఉచితం అంటారు. ఎన్నేళ్లకి, క్రెడిట్ ఎవరిది, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది, ఈ మూడు అడగండి. తెలుగులోనూ మన భాషలోనూ చదివి వినిపించని ఏ కాగితం మీదా గ్రామసభ తీర్మానం లేకుండా ఒక్క సంతకం పడకూడదు. 1/70 చట్టం ఉంది కాబట్టి భూమి కొనలేరు. అందుకే కొనకుండానే పట్టుకునే దారులు వెతుకుతారు.

పెద్దవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు, న్యాయమైన ప్రశ్న. "గెడ్డ మన తల్లి లాంటిది. జాకర దేవత ఉన్న చోట మనం చెట్టు ముట్టం, ఎవరు డబ్బిచ్చారని? తల్లిని చూసుకోడానికి అద్దె అడుగుతామా?" అని. నేను చెప్పేది, తల్లిని అడగడం లేదు. తల్లి పాలు సీసాలో పోసుకుని పోయేవాళ్లని అడుగుతున్నాం. మనం మన కోసం వదిలే ఒడ్డు మన కట్టుబాటు, దానికి ధర లేదు. కానీ నగరం కోసం, ప్రాజెక్టు కోసం ఇంకో పది మీటర్లు వదలమని ఆర్డరు వేసినప్పుడు, ఆ పది మీటర్లకి లెక్క చెప్పాలి.

మరి ఒడ్డు మీద ఏం ఉండాలి? అమెరికాలో మూడు పట్టీలుగా చెప్తారు. నీటి అంచున ముట్టుకోని చెట్లు, తర్వాత అవసరానికి వాడుకునే చెట్లు, పొలం అంచున గడ్డి. ఆలోచన మంచిదే. కానీ వాళ్ల అద్దె పథకంలో ఆ పట్టీలో పంట కోసుకోనివ్వరు. మనకది కుదరదు. మన పట్టీ తిండి పెట్టాలి. నీటి అంచున ఏరుమద్ది, మేడి, కానుగ, వెదురు. ఏరుమద్ది పేరులోనే ఏరు ఉంది, ఎక్కడ పెరుగుతుందో మన పూర్వీకులు పేరు పెట్టి మరీ చెప్పారు. దాని వెనక నేరేడు, పనస, మామిడి, జీలుగు. పొలం అంచున పశువుల గడ్డి. పశువులు దిగడానికి ఒక రేవు వదలాలి. పండు మనదే, వెదురు మనదే, కల్లు మనదే అని ఒప్పందంలో రాయాలి. నీలగిరి, టేకు ఒడ్డున వద్దని కూడా రాయాలి.

కాబట్టి మనం అడిగేవి ఐదు. గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ముందు కాగితం. ఒడ్డు మీద సాగులో ఉన్న ప్రతి ముక్కా కొలిచి హక్కు తేల్చాలి.

రెండు, వెడల్పు, చెట్లు, రేవులు గ్రామసభ తేలుస్తుంది. పై ఊరు, కింద ఊరు కలిసి కూర్చుంటాయి.

మూడు, కూలికి కూలి, అద్దెకి అద్దె. నాటిన కూలి ఇచ్చేశామని అద్దె ఎగ్గొట్టకూడదు. అద్దె ఆ ముక్క పంట విలువకి తగ్గకూడదు, ఏటా పెరగాలి, భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలో పడాలి.

నాలుగు, భూమి పేరు మారదు. పట్టాలో, అడంగల్‌లో, ఫారెస్టు రికార్డులో ఏ కొత్త గీతా పడదు. గడువు అయ్యాక భూమి మా ఇష్టం అని ఒప్పందంలో ఉండాలి.

ఐదు, కింద లాభపడేవాడు కట్టాలి. నగరం అయినా, పవర్‌హౌసు అయినా.

ఇక పని. వచ్చే గ్రామసభకి ఇక్కడున్న ప్రతి ఊరు మూడు పనులు చేసుకురావాలి. మీ ఊరి గెడ్డ పొడవునా నడవండి. ఏ ఇంటి ముక్క ఎన్ని మీటర్లు ఆనుకుని ఉందో టేపుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. ఆ ముక్కకి పట్టా ఉందా, ఉంటే ఏ రకం, ఎవరి పేరున, పక్కనే రాయండి. పోయిన ఏడాది ఆ ముక్కలో ఏం పండింది, ఎంతకి అమ్మారు, ఇంట్లో ఎంత తిన్నారు, ఆడవాళ్లని అడిగి రాయండి. లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. ఈ మూడు గళ్ల పుస్తకం ఉంటే, ఏ ఆఫీసరు వచ్చి "ఒడ్డు వదలండి" అన్నా మనం గొడవ పడక్కర్లేదు. పుస్తకం తెరిచి చూపించి, "వదులుతాం. అద్దె ఇంత. ఎవరు కడతారు?" అని అడుగుదాం.

జై ఆదివాసీ.